చెలిమెపల్లి రేవులో యాదమ్మ వంతు

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. బేగంపేటలో ఒక హోటల్ హాలులో వన్యప్రాణుల రక్షణలో స్థానికుల భాగస్వామ్యం గురించి సదస్సు జరుగుతుంటే వెళ్లాను. తెర మీద బొమ్మలు బాగున్నాయి. ఖాకీ టోపీలు పెట్టుకున్న జాలర్లు, పడవలో నవ్వుతున్న పర్యాటకులు, ఇసుకలో నోరు తెరుచుకుని పడుకున్న మొసలి. వేదిక నిండా మనుషులున్నారు కానీ వారిలో పడవ నడిపేవాళ్లు ఒక్కరూ లేరు. లేచి అదే అడిగాను. "పిలిచాం మేడమ్, సీజన్ కదా, రాలేకపోయారు" అన్నారు. నా వెనక వరసలో ఎవరో, నాకు వినపడేంత గొంతుతోనే, "విమర్శించేవాళ్లు ఒకసారి వెళ్లి చూస్తే బాగుంటుంది" అన్నారు. సరే, చూద్దాం అనుకున్నాను.

నా వాదన పాతదే, ఇక్కడ చదివేవాళ్లకు తెలిసిందే. చేపలు పట్టుకుని బతికేవాళ్ల చేతిలోంచి ముందు వల లాక్కున్నారు. కొన్నేళ్లు వాళ్లేం తిన్నారో ఎవరూ అడగలేదు. తర్వాత నెత్తిన టోపీ పెట్టి "మీరే రక్షకులు" అన్నారు. దీన్ని భాగస్వామ్యం అంటే నేను ఒప్పుకోను. అలాగని పర్యాటకులు వెళ్లకూడదనీ అనను. వెళితే ఎలా వెళ్లాలన్నదే ఈ వ్యాసం. ఊరి పేరు మాత్రం మార్చి చెలిమెపల్లి అని రాస్తున్నాను. మనుషుల పేర్లూ మార్చాను. ఊరు మెదక్ దగ్గర ఒక జలాశయం ఒడ్డున ఉంటుంది. వెతుక్కోగలిగినవాళ్లు వెతుక్కోండి.

మే నెలలో ఒక ఆదివారం బయల్దేరాను. ఆదివారం అనేసరికి ఇంట్లో మా అమ్మ ఊరుకోలేదు. "ఆరాధన మానేసి మొసళ్ల దగ్గరకా? వెళ్లు, ప్రభువు చూస్తూనే ఉంటాడు" అంది. సికింద్రాబాద్‌లో మేముండే కార్ఖానాలో ఆ వేళకు ఆటో దొరకడం కష్టమేమీ కాదు. జూబ్లీ బస్టాండులో తెల్లవారుజామున నర్సాపూర్ మీదుగా మెదక్ వెళ్లే బస్సు ఎక్కాను. టికెట్టు వంద రూపాయల లోపే. బాలానగర్ దాటేదాకా నగరం వదలదు. నర్సాపూర్ అడవి మొదలయ్యాక కిటికీలోంచి కాస్త చల్లగాలి వచ్చింది. ఎనిమిదిన్నర ప్రాంతంలో మెదక్‌లో దిగి, ఇడ్లీ తిని, చెలిమెపల్లికి ఆటో మాట్లాడుకున్నాను. షేర్ ఆటోలు ఉంటాయి కానీ నిండేదాకా కదలవు.

ఆటో డ్రైవరు నన్ను అద్దంలో చూస్తూ, "మొసళ్లు సూడనీకా మేడమ్? మల్లేశ్ పడవెక్కున్రి. మోటరుంటది, దగ్గర్కి తీస్కపోతడు" అన్నాడు.

"మిగతా పడవలకేమైంది?"

"ఏం గాలె. తెడ్డేసి పోతయ్. గీ ఎండల తెడ్డేసెటోని మొఖం ఏం సూస్తరు?"

రేవు అంటే పెద్ద ఏర్పాటేమీ లేదు. రేకుల షెడ్డు, దాని కింద టికెట్లిచ్చే బల్ల, పక్కనే మహిళా సంఘం వాళ్ల వంటపొయ్యి. ఎండకు నీళ్లు బాగా వెనక్కి పోయి, బురద ఆరి బీటలు వారింది. ఒడ్డున ఐదు పడవలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉన్నాయి. ముందున్న పడవ ముక్కు మాత్రమే నీళ్లలో ఉంది. బల్ల దగ్గర కూర్చున్న రాములు పడవలవాళ్ల సంఘం పెద్ద. టికెట్టు మనిషికి యాభై. "ఒక్కరేనా? నలుగురుంటెనే పడవ కదులుతది. కూసోన్రి, ఎవరో ఒకరొస్తరు" అన్నాడు.

ముందు పడవలో ఒక ఆడమనిషి కూర్చుని డబ్బాతో నీళ్లు తోడిపోస్తోంది. ముప్పై ఐదేళ్లుంటాయి. కొంగు బొడ్లో దోపుకుని, ఖాకీ టోపీని మోకాలికి తగిలించుకుంది. యాదమ్మ. ఆ పడవ ఆమె భర్తది. అతను కామెర్లతో పోయాక ఆ వంతు తనకిమ్మని సంఘాన్ని అడిగి తీసుకుంది.

వంతు సంగతి మీకు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఇది వల వేసే రోజుల నాటి పద్ధతి. మంచి చోట్లన్నీ ఒకడికే దక్కకుండా పడవలు వరసలో వెళ్లాలి. వెళ్లి, నీళ్ల మధ్యనున్న రాతిగుట్టను చుట్టి వచ్చిన పడవ వరస చివరికి పోతుంది. వంతు వచ్చినా పడవ వెళ్లకపోతే, లేదా చుట్టు పూర్తి కాకపోతే, వంతు తప్పినట్టు. ఒక కాలంలో మూడుసార్లు తప్పితే వరసలోంచి తీసేస్తారు. వలలు పోయాయి, చేపలు పోయాయి, పద్ధతి మాత్రం పర్యాటకుల మీదికి వచ్చి చేరింది. యాదమ్మ వంతు అప్పటికే రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ జనం వచ్చారు, ఆడమనిషిని చూశారు, వెనక పడవకు వెళ్లిపోయారు. కాదనడానికి సంఘానికి నోరు రాలేదు. ఆ ఆదివారం కూడా తప్పితే మూడోసారి.

"వంటకాడ పని సూస్కోరాదు వదినె అన్నరు అందరు. పొయ్యి కాడ పది మందిమి, ఒకలు కలిపితె ఇంకొకలు ఉప్పు సూసుడు. నాకెందుకా పంచాయితి? సిన్నప్పటి సంది తెడ్డు పట్టినదాన్ని" అంది యాదమ్మ.

"మొసలి మన సంపద అని టోపీలిచ్చినప్పుడు ట్రైనింగులో చెప్పారట కదా?"

"జెప్పిండ్రు. గా సంపద మా ఆయన వలలు ఎన్ని చింపిందో రాస్కొమ్మంటె రాస్కోలె."

పక్క పడవలోంచి ఎవరో గట్టిగా నవ్వారు. అతనే మల్లేశ్. యాదమ్మకు మరిది, వరసలో రెండో పడవ అతనిదే. అప్పుచేసి మోటరు బిగించుకున్నాడు. వదిన వంతు పోతే ఆ జాగాలోకి వచ్చేది అతనే.

పదింటికి ఒక క్వాలిస్ వచ్చి ఆగింది. ఐదుగురు మగవాళ్లు దిగారు. బేగంపేటలో ఏదో ఆఫీసు అట. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాయన వాళ్లకు నాయకుడు. టికెట్లు తీసుకుని నేరుగా మోటరు పడవ వైపు నడిచారు. "సార్, ముందు పడవ గది" అని రాములు అన్నాడు. "ఏంటండీ, లేడీ నడుపుతుందా? సేఫ్టీ ఎవరిది?" అన్నారు కళ్లద్దాలాయన.

ఇక్కడ నేను మాట్లాడాను. ఏం మాట్లాడానో మొత్తం రాయను, చాలాసేపే మాట్లాడాను. ఆడవాళ్ల శ్రమ గురించి, వాళ్ల ఊళ్లోకి వచ్చి వాళ్ల పద్ధతిని తొక్కడం గురించి. చెప్పినవన్నీ నిజాలే. వినే వాళ్లు మాత్రం నిజాలు వినడానికి రాలేదు. "మేడమ్, మిమ్మల్ని ఎవరూ అడగలేదు. చలో, వేస్ట్, పోదాం పదండిరా" అని ఆయన కారు వైపు తిరిగాడు.

యాదమ్మ తోడిపోస్తున్న డబ్బా పడేసి లేచింది. ముందు నాతో, "మేడమ్, జెర మీరు సప్పుడు జెయ్యకున్రి. మీ మాటలకు నా బేరం పోతది" అంది. తర్వాత గొంతు పెంచి, "ఓ సార్! ఆడదాని పడవ మునుగుతదని భయమా? మునిగితె ముందు నేనే మునుగుత. నన్ను పట్టుకొని మీరు ఈత నేర్సుకోన్రి" అంది.

ఐదుగురిలో ఒకతను నవ్వాడు. తర్వాత ఇంకొకతను. నవ్విన తర్వాత కారెక్కడం కొంచెం కష్టం. లైఫ్ జాకెట్లు వేసుకుని ఎక్కారు. ఆరో మనిషిగా నేనూ ఎక్కి, నోరు మూసుకుని కూర్చున్నాను.

గుట్ట దాకా పోవడానికి తెడ్డు మీద అరగంట పడుతుంది. దారిలో ఎడమవైపు ఒడ్డు లోపలికి వంగి ఒక మడుగు ఉంటుంది. దాని ఇసుకలో మొసళ్లు గుడ్లు పెడతాయి. వాన పడేదాకా ఆ మడుగులోకి ఏ పడవా పోకూడదని అటవీ అధికారులు నియమం పెట్టారు, సంఘం తలూపింది. గుట్టను చుట్టాలంటే మాత్రం మడుగు మూతి ముందు నుంచే పోవాలి. కొంగలు, నీటికాకులు బోలెడు కనిపించాయి. పడవలోని ఐదుగురూ వాటిని పట్టించుకోలేదు. మడుగు మూతికి దగ్గరవుతుండగా యాదమ్మ తెడ్డు ఎత్తి చూపించింది. ఇసుక మీద, ఎండిన మొద్దులా, తల్లి మొసలి. కళ్లు తప్ప ఏదీ కదలడం లేదు.

"లోపలికి పోనివ్వమ్మా" అన్నారు కళ్లద్దాలాయన.

"పిల్లలయ్యె కాలం సార్. లోపలికి పోము. గీడికెల్లి సూడున్రి, మంచిగ కనవడ్తది."

"ఇక్కణ్నుంచి నా సెల్‌లో చుక్కలా పడుతోంది. మేం చికెన్ తెచ్చాం, వేస్తే అదే వస్తుంది." సంచీలోంచి పచ్చి కోడిమాంసం పొట్లం తీసి లేచి నిలబడ్డాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. నా చెయ్యి దానంతట అదే చెక్కను పట్టుకుంది.

"కూసోన్రి సార్."

"ఒక్క నిమిషం."

"కూసోన్రి అంటున్న."

ఒడ్డు మీది మొద్దు ఇప్పుడు అక్కడ లేదు. నీళ్లలోకి జారినప్పుడు చిన్న శబ్దం కూడా కాలేదు. యాదమ్మ తెడ్డును ఒళ్లో అడ్డంగా పెట్టుకుని పడవను ఆపేసింది. ఎండ నెత్తిన కాలుతోంది. మాంసం పొట్లం పట్టుకుని నిలబడ్డ మనిషి, ఎక్కడుందో తెలియని మొసలి, ఎదురుగా మడుగు మూతి. ఆ మూతి ముందు నుంచి పోతే గుట్ట చుట్టడం పావుగంట పని. ఈసారి వంతు తప్పదు, పూర్తయిపోతుంది. ఆమె గుట్ట వైపు ఒకసారి చూసింది. పడవను వెనక్కి తిప్పింది.

"ఇదేంటి, రౌండ్ అవలేదు కదా!" అన్నారు వెనకనుంచి. ఆమె ఒడ్డు వైపే తెడ్డు వేసింది.

రేవులో మల్లేశ్ అప్పటికే లేచి నిలబడ్డాడు. "సుట్టు తిరగలె వదినె. మూడోది."

"తప్పలె. నీళ్లు తిప్పినయ్" అంది యాదమ్మ.

ఇది కూడా వాళ్ల పద్ధతిలోని మాటే. గాలిదుమారం లేచో, వాన ముంచుకొచ్చో పడవ మధ్యలో మళ్లితే నీళ్లు తిప్పినట్టు లెక్క. వంతు అయినట్టూ కాదు, తప్పినట్టూ కాదు. ఆ పడవ వరసలో ముందే ఉంటుంది. అది మళ్లీ పోయి వచ్చేదాకా వెనకవాళ్లెవరూ కదలకూడదు.

రాములు బల్ల దగ్గరి నుంచి వచ్చాడు. "గాలేది యాదమ్మ? ఆకు సుత కదుల్తలేదు."

"గాలి ఒక్కటే తిప్పుతదా? మొసలి పిల్లల కాడ ఉన్నది. గీ సారు కోడికూర పట్టుకొని నిలవడె. మొసలి నీళ్లల్లకు దిగె. నీళ్లల్లది తిప్పితె నీళ్లు తిప్పినట్టు గాదా?"

నాలుగో పడవ ముసలాయన నవ్వాడు. "మొసలికి భయపడి మర్లొచ్చినోనికి వంతు మిగిల్చిన దినం మా తాతల కాలంల సుత లేదు. నీ మొగడుంటె మర్లెటోడా?"

"మర్లకపోవు. గాయన దాన్ని కొట్టనీకి పోతుండె. నేను దాన్ని సాకనీకి పోతున్న. రెండొక్కటే అయితె గీ టోపీలెందుకు? తీసి పొయ్యిల వెట్టున్రి."

వాదనకు మనిషి దొరికితే నేను ఆగలేను. ఇది హక్కులకు సంబంధించిన ప్రశ్న అని మొదలుపెట్టాను. రాములు మర్యాదగానే అడిగాడు: "మేడమ్, మీకు పడవుందా?"

"లేదు."

"అయితె కూసోన్రి."

కూర్చున్నాను. ఈలోగా కళ్లద్దాలాయన టికెట్లు ఊపుతూ, "మాకు ఇవన్నీ అనవసరం, మోటరు బోట్ ఇప్పించండి" అంటున్నాడు. మిగిలిన నాలుగు పడవల వాళ్ల చూపులు ఆ టికెట్ల మీదే ఉన్నాయి. ఎండాకాలంలో ఆదివారమొక్కటే నాలుగు రాళ్లు వచ్చే రోజు. యాదమ్మ మాట ఒప్పుకుంటే ఆమె వెనక నలుగురూ ఆగిపోతారు. ఒప్పుకోకపోతే ఆమె ఒక్కతే పోతుంది. బయటివాళ్లం ఎన్ని సదస్సులు పెట్టుకున్నా, మొసలికి ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్న ఇంత సూటిగా అడగలేదు.

రాములు మల్లేశ్ వైపు తిరిగాడు. "నువ్వు జెప్పురా. గాడ నీ పడవుంటె ఏం జేస్తుంటివి?"

మల్లేశ్‌కు ఒక మాట చాలు. మోటరు మీద దాటుకుని పోతుంటి అంటే ఎవరూ కాదనరు, వదిన జాగా అతనిది. అతను వచ్చినవాళ్ల చేతిలోని మాంసం పొట్లం చూశాడు, వదినను చూడలేదు.

"మోటరు బంద్ జేస్తుంటి" అన్నాడు.

"బంద్ జేసి?"

"ఏం జేస్తరు? పొట్లం పట్టుకొని ఒకడు నిలవడ్డంక..." తల గోక్కున్నాడు. "మర్లొస్తుంటి."

"అయితె నీళ్లే తిప్పినయ్" అన్నాడు రాములు. బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. "సార్, పోతె యాదమ్మ పడవ. లేకుంటె పైసలు వాపస్."

వాళ్లు పైసలు తీసుకుని, ఆన్‌లైన్లో రాస్తామని బెదిరించి వెళ్లిపోయారు. ఇదీ రాస్తున్నాను కాబట్టి రెండూ చదివి మీరే తేల్చుకోండి. క్వాలిస్ దుమ్ము అణిగాక రేవులో ఎవరూ యాదమ్మను మెచ్చుకోలేదు. "మంచి బేరం ఆగమైంది" అని ముసలాయన గొణుగుతూనే ఉన్నాడు. మల్లేశ్ మోటరు మీద తడిగుడ్డ కప్పి వేపచెట్టు నీడకు పోయాడు. మధ్యాహ్నం వంటపొయ్యి దగ్గర జొన్నరొట్టె, చేపలపులుసు తిన్నాను. చేప మెదక్ బజారు నుంచి వస్తుంది, ఐసుపెట్టెలో, కోస్తా చెరువుల నుంచి. "మా నీళ్లల్లయి మేము పట్టొద్దు గద, కొనుక్కొచ్చి మీకు పెడ్తున్నం" అంది వడ్డించినావిడ. పులుసు రుచిగా ఉంది. నాకు ఆ రుచి మీద కూడా కోపం వచ్చింది.

రెండు మూడు గంటలు ఎవరూ రాలేదు. ఎండ కాస్త తగ్గాక ఆటోలో ఒక కుటుంబం దిగింది. నర్సాపూర్ వాళ్లు. భర్త, భార్య, అత్తగారు. భర్తకు మోటరు కనిపించగానే కాళ్లు అటే తిరిగాయి. మల్లేశ్ నీడలోంచి లేవలేదు. బొటనవేలితో ముందు పడవను చూపించాడు. "ముందు గది. గది పోయొస్తెనే మాది."

"ఆడామె నడుపుతదా?" అన్నారు అత్తగారు.

"నాకన్న మంచిగ నడుపుతది. ఎక్కు పెద్దమ్మా" అన్నాడు. పొద్దుటి నుంచి అతను వదిన గురించి మాట్లాడిన మంచి మాట అదొక్కటే. అదీ విసుగ్గానే.

టికెట్లు మూడే ఉన్నాయి. యాదమ్మ నా వైపు చెయ్యి ఊపింది. "మేడమ్, రాండ్రి. ఒకలు తక్కువ వడ్డరు."

నాలుగో మనిషిగా ఎక్కాను. గుట్ట దాకా పోయాం. మడుగు మూతి ముందు యాదమ్మ తెడ్డు లోతుగా, చప్పుడు లేకుండా వేసింది. మొసలి కనిపించలేదు. ఇసుక మీద అది పడుకున్న గుర్తు మాత్రం ఉంది. అత్తగారు నిద్రపోయారు. గుట్ట చుట్టి ఒడ్డుకు వచ్చేసరికి మల్లేశ్, ముసలాయన కలిసి యాదమ్మ పడవను పైకి లాగి వరస చివర పెట్టారు. మల్లేశ్ పడవ ముక్కు నీళ్లలోకి దిగింది. నేను ఆటో పట్టుకుని మెదక్‌లో సాయంత్రం బస్సు అందుకుని, తొమ్మిది దాటాక సికింద్రాబాద్ చేరాను.

ఊళ్లోవాళ్లు సహజంగానే ప్రకృతి ప్రేమికులని కొందరు రాస్తారు. అది అబద్ధం, పైగా అవమానం కూడా. వాళ్లకు మొసలి నిన్నటిదాకా శత్రువు. టోపీ పెట్టినందుకు అది మిత్రుడు కాలేదు. అధికారులు చెప్పిన నియమానికి ఆ సంఘం తలూపింది, అంతే. మొసలి కోసం వెనక్కి వచ్చినవాళ్లకు వంతు ఉండాలని మాత్రం ఆ రోజు వాళ్లే, తమ సంపాదనను వదులుకుని, తిట్టుకుంటూ తేల్చారు. ఇకనుంచి ఆ రేవులో ఎవరైనా మడుగు ముందు పడవ తిప్పితే పిరికితనం అనరు. ఏ జంతువుకైనా ఇంతకన్నా గట్టి రక్షణ నేను చూడలేదు. అయినా అది నిలబడాలంటే యాదమ్మ ఒక్కతే సరిపోదు. మనం వెళ్లిన ప్రతిసారీ మోటరు కోసం, మగవాడి కోసం, మరింత దగ్గర బొమ్మ కోసం వరస తప్పించి నడిస్తే, వాళ్లు నిలబెట్టుకున్నదాన్ని మనం యాభై రూపాయలకు కూలగొట్టినట్టే.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటే సూచన: నలుగురుగా వెళ్లండి. రేవులో దిగాక ఎవరినీ ఏమీ అడగకుండా, ముక్కు నీళ్లలో ఉన్న పడవ ఎక్కి కూర్చోండి.